మన వాకిట పూసే చెట్టు

ఏడెనిమిది సంవత్సరాల క్రిందట నేను అనంతపురం సీమలోని ఒక పల్లె పాస్టరేటులో సేవ చేస్తున్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉండేది. ఆమె కుమార్తె నర్సు చదువు చదివి, పెండ్లయిన తరువాత భర్తతో కూడ అమెరికాకు వెళ్లింది. ఒక ఏప్రిల్ నెలలో ఆ అమ్మాయి తల్లికి ఒక ఫొటో పంపింది. వాషింగ్టన్ నగరంలో నీటి గట్టున నిలబడి తీయించుకున్న ఫొటో అది. వెనుక ఒక చెట్టు ఉంది. దానికి ఆకు ఒక్కటి లేదు. కొమ్మలన్నీ గొడుగులాగ నేలకు వాలి ఉన్నాయి. ప్రతి కొమ్మకూ మొదలు నుండి చివర దాకా లేత గులాబి రంగు పూలే.

ఆ పెద్దమ్మ నాకు ఆ ఫొటో చూపించి, "అయ్యగారూ, ఇట్లాంటి చెట్టు మన వాకిట్లో ఒకటి ఉంటే ఎంత బాగుంటాది! పాప వచ్చినప్పుడు చూసుకుంటాది" అన్నది.

నేను వెనుకా ముందూ చూడకుండా, "ఎందుకు రాదమ్మా? నాటి నీళ్లు పోస్తే దేవుడే పెంచుతాడు" అన్నాను. ఆ మాట ఎంత తేలికగా అన్నానో నాకు తరువాత గాని తెలియలేదు.

నెల తిరగకముందే ఆటోలో మొక్కలు వేసుకొని ఊరూరా తిరిగే ఒకతను వచ్చాడు. ఆమె ఫొటో చూపించగానే "ఇదే చెర్రీ" అని ఒక మొక్క తీసి ఇచ్చి, నాలుగు వందలు తీసుకున్నాడు. మొదటి వాన పడగానే నేనే వెళ్లి, ప్రార్థన చేసి, ఆ మొక్క నాటించాను.

ఆ సంవత్సరం తరువాతి వానలు మొండిచేయి చూపాయి. ఊరి బోరు ఎండిపోయింది. మూడు రోజులకు ఒకసారి ట్యాంకరు వచ్చేది. ఇంటికి ఇన్ని బిందెలని లెక్క. అందులో నుండి ఆమె రోజూ ఒక బిందె ఆ మొక్కకు పోసేది. "మనుషులకే తాగేకి నీళ్లు లేకుంటే చెట్టుకు పోస్తావా?" అని భర్త కోప్పడేవాడు. ఆ బిందె కోసం ఆ ఇంట్లో ఎన్ని మాటలు దొర్లాయో నాకు తెలుసు. ఉగాది నాటికి ఆకుల అంచులు మాడాయి. మే నెలలో మొక్క నిలువునా ఎండిపోయింది.

ఆమె నా దగ్గరకు వచ్చి, "మీరు ప్రార్థన చేసి నాటిన చెట్టు అయ్యగారూ. నేను సరిగా చూసుకోలేదేమో" అని కన్నీళ్లు పెట్టుకున్నది. ఆ మాట నన్ను చాల దినాలు నిద్రపోనివ్వలేదు. తప్పు ఆమెది కాదు. తెలియని విషయంలో తెలిసినట్టు మాట్లాడినవాడిని నేను. నేను దైవశాస్త్రంలో డిప్లొమా చదివినవాడినే గాని చెట్ల చదువు చదివినవాడిని కాను. అప్పటి నుండి అడిగి, చదివి, నాటి చూసి నేర్చుకున్న నాలుగు మాటలు మీతో చెప్పుకోవాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

చెర్రీ మన దగ్గర ఎందుకు పూయదు?

కొమ్మలు వాలే ఆ చెర్రీ చెట్టుకు జపాను దేశంలో చాల గౌరవం. ఫుకుషిమా ప్రాంతంలోని మిహారు అనే ఊరిలో వెయ్యి సంవత్సరాలకు పైబడిన చెట్టు ఒకటి ఉంది. పూసినప్పుడు జలపాతం దూకినట్టు కనబడుతుంది గనుక దానిని 'తకిజకురా' అంటారు. 'తకి' అంటే జలపాతమనే అర్థం. జపాను ప్రభుత్వం 1922లో దానిని ప్రకృతి స్మారకంగా ప్రకటించింది. ఇండ్ల ముందు నాటుకొనే వాలు చెర్రీలలో ఎక్కువ భాగం అంటు మొక్కలే. నిటారుగా పెరిగే వేరు మొక్క పైన వాలే రకం కొమ్మను అంటు కడతారు.

ఈ చెట్టుకు నీళ్లకంటె ముందు చలి కావాలి. శీతకాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. ఆ నిద్రలో సుమారు 7 డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటలు తగిలితేనే మొగ్గకు మెలకువ వస్తుంది. మన అనంతపురంలో డిసెంబరు, జనవరి రాత్రులు చల్లగా ఉన్నాయని మనం దుప్పటి కప్పుకుంటాం గాని, ఆ చలి చెర్రీకి చాలదు. మీదటికి మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ దాని లేత బెరడును కాల్చివేస్తుంది. అంటే ఆ పెద్దమ్మ రోజుకు పది బిందెలు పోసినా ఆ ఫొటోలోని పూలు మన వాకిట్లో పూసేవి కావు.

మన దేశంలో చెర్రీ లేదని కాదు. హిమాలయ ప్రాంతంలోనూ, మేఘాలయ కొండల్లోనూ అడవి చెర్రీ ఒకటి పెరుగుతుంది. ఆయుర్వేదంలో పద్మకాష్ఠం అనేది దీని కొయ్యే. షిల్లాంగు పట్టణంలో నవంబరు నెలలో ఇది గులాబి రంగున పూస్తే చూడటానికి జనం వెళతారు. అక్కడ కొండ చలి ఉంది, కావలసినంత వాన ఉంది.

ఆ అమ్మాయి ఫొటో తీయించుకున్న వాషింగ్టన్ చెర్రీల వెనుక కూడ ఒక పాఠం ఉంది. 1910లో జపాను నుండి 2,000 మొక్కలు అమెరికాకు చేరాయి. పరీక్ష చేసి చూస్తే వేళ్లలో పురుగులు, తెగుళ్లు కనబడ్డాయి. కానుకగా వచ్చినవే అయినా వాటిని కాల్చివేశారు. జపానువారు నొచ్చుకోకుండా ఆరోగ్యమైన మొక్కలు పెంచి, 1912లో 3,020 మొక్కలు మళ్లీ పంపారు. ఆ సంవత్సరం మార్చి 27న వాటిలో మొదటి రెండు మొక్కలు నాటారు. మొక్క కొనేటప్పుడు పైన ఉన్న పూవును గాక క్రింద ఉన్న వేరును చూడాలి. సంచిలో వేళ్లు గుండ్రంగా చుట్టుకొనిపోయిన మొక్క, మట్టి విడిపోయిన మొక్క, పేరు అడిగితే నోటికి వచ్చింది చెప్పేవాడి మొక్క కొనవద్దు.

మన నేల, మన వాన

మన సీమకు సంవత్సరమంతా కలిపి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే చాల భాగం కురిసి, అలసిపోయి మన దగ్గరకు వస్తాయి. ఈశాన్యపు వానలు కోస్తాలో కురిసి, మిగిలింది మనకు ఇస్తాయి. ఎక్కువ వాన సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే. నేల చూస్తే ఎర్ర నేల, లోతు తక్కువ, గులకరాయి ఎక్కువ. పడిన నీరు ఎంతో కాలం నిలువదు.

అయినా ఈ నేల చెట్టుకు శత్రువు కాదు. 1989లో గిన్నిస్ రికార్డుల పుస్తకానికి ఎక్కిన తిమ్మమ్మ మర్రిమాను మన కదిరి దగ్గరే ఉంది. సుమారు అయిదు ఎకరాల మేర అది పరచుకొని ఉంది. ఇంకొక సంగతి. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990 ప్రాంతంలో కొందరు 32 ఎకరాల బీడు భూమి కొని, దానికి 'టింబక్టు' అని పేరు పెట్టుకున్నారు. మొదట వారు చేసిన పెద్ద పని, నిప్పు పడకుండా, పశువులు మేయకుండా కాపలా కాయటం. వానను నిలబెట్టటానికి గట్లు కట్టారు. నేలలో దాగియున్న వేళ్లు, గింజలు వాటంతట అవే మొలకెత్తాయి. ఒకప్పుడు బోడిగా ఉన్న ఆ భూమి నేడు చెట్లతో నిండి ఉంది. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు కదిరి, చెన్నేకొత్తపల్లి రెండూ శ్రీ సత్యసాయి జిల్లాలోనికి వెళ్లాయి గాని, నేలా వానా అవే కదా!

అబ్రాహాము బెయేర్షెబాలో పిచుల వృక్షం నాటినట్టు ఆదికాండంలో చదువుతాం. బెయేర్షెబాలో సంవత్సరానికి పడే వాన సుమారు 200 మిల్లీమీటర్లే. మన వానలో సగం కూడ లేదు. ఉప్పు నేలకు, ఇసుకకు, ఎండకు తట్టుకొనే చెట్టు పిచులం. ఊరు మనది కాకపోయినా ఆ ఊరి నేలకు తగిన చెట్టు నాటటం ఆయన బుద్ధి. ఈ వచనం నేను ఎన్నిసార్లో చదివాను గాని, పెద్దమ్మ మొక్క ఎండిన తరువాతనే ఆ సంగతి నా మనస్సుకు తట్టింది.

వాలు పూల కోరిక తీర్చే మూడు చెట్లు

అందమైన చెట్టు కావాలని కోరటం తప్పు కాదు. ఆ కోరిక తీర్చే చెట్లు మన దగ్గరే ఉన్నాయి.

మొదటిది రేల. ఏప్రిల్, మే నెలల్లో ఊరంతా ఎండిపోయి ఉన్నప్పుడు, ఆకు రాల్చి, పసుపుపచ్చని పూల గుత్తులను జడల్లాగ క్రిందికి వేలాడదీస్తుంది. ఒక్కొక్క గుత్తి జానెడు మొదలు మూరెడు దాకా ఉంటుంది. కేరళ వారు దీనిని కణికొన్న అని పిలిచి తమ రాష్ట్ర పుష్పంగా పెట్టుకున్నారు. థాయిలాండు వారికి ఇది జాతీయ పుష్పం. చెర్రీకి కొమ్మ వాలుతుంది, రేలకు పూవే వాలుతుంది. మేకలు దీని ఆకును అంతగా ఇష్టపడవు. మన పల్లెల్లో మొక్కకు అంతకంటె పెద్ద రక్ష ఏమున్నది!

రెండవది గిరిపుష్పం. దీనిని పొలం గట్ల మీద పచ్చిరొట్ట ఎరువు కోసం నాటిస్తారు. సంక్రాంతి వెళ్లిన తరువాత ఆకు రాల్చి, వంగిన కొమ్మల వెంబడి లేత గులాబి పూలు పూస్తుంది. దూరం నుండి చూస్తే ఆ అమెరికా ఫొటో గుర్తుకు రావలసిందే. మధ్య అమెరికా దేశాల నుండి వచ్చిన చెట్టు ఇది. మూడడుగుల ముదురు కొమ్మ నరికి వాన పదునులో పాతితే చాలు. పూత అయిపోగానే కొమ్మలు కొట్టి ఆ రొట్టను పొలానికో, పెరటి మొక్కలకో వేయవచ్చు. గింజ, బెరడు ఎలుకలను చంపేటంత విషం గనుక పిల్లలను నమలనివ్వకూడదు.

మూడవది నక్కరేగు. కన్నడం వాళ్లు గసగసె మర అంటారు. చాల చోట్ల దీనినే 'చెర్రీ చెట్టు' అని అమ్ముతారు. అసలు చెర్రీకి దీనికి చుట్టరికం లేదు. కొమ్మలు గొడుగులాగ వాలి, చిన్న తెల్ల పూలు, చిన్న ఎర్రని తియ్యని పండ్లు కాస్తుంది. రెండేండ్లలోనే నీడ ఇస్తుంది. పిల్లలకు, పక్షులకు పండుగ. అయితే కొయ్య పెళుసు. పండ్ల కోసం రాత్రులు గబ్బిలాలు వస్తాయి, గింజలు గోడ సందుల్లో మొలుస్తాయి. అందుచేత మిద్దెకు దూరంగా వేసుకోవాలి.

రేల మొక్కను పెంచే విధం

ఈ మూడింటిలో ఒక్కటే నాటుకొనే చోటు ఉంటే నేను రేలనే చెబుతాను. దానికి డబ్బు కూడ అక్కరలేదు. మూరెడు పొడవున నల్లగా ఎండి చెట్టుకు వేలాడే కాయ ఒకటి తెచ్చుకొని పగులగొట్టండి. జిగురు గుజ్జు కడిగి గింజలు తీయండి. ఆ గుజ్జు విరేచనకారి గనుక పిల్లలకు అందనివ్వవద్దు.

గింజ పెంకు రాయిలాగ గట్టిది. అలాగే పాతితే నెలల తరబడి మొలవదు. నీళ్లు మరగబెట్టి, పొయ్యి మీద నుండి దించి, అందులో గింజలు వేసి, ఒక రాత్రి, ఒక పగలు నాననివ్వండి. ఉబ్బిన గింజలే పాతండి. ఉబ్బనివాటిని ఒక ప్రక్క గరుకు రాయి మీద అరగదీసి మళ్లీ నానబెట్టండి. అడుగున చిల్లులు పెట్టిన పాల ప్యాకెట్లు చాలు. ఒక అడుగు పైన పెరిగిన మొక్కను నేలలో నాటవచ్చు.

గుంత వేసవిలోనే తీయాలి. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు తీసి ఎండకు వదిలివేయండి. నాటేటప్పుడు తీసిన మట్టిలో చెరువు మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, చెదలకు రెండు గుప్పెళ్ల వేపపిండి కలపండి. ఇంటి గోడకు పదిహేను, ఇరవై అడుగుల దూరం ఉండాలి. పైన కరెంటు తీగలు ఉండకూడదు. తొలకరికి నాటవచ్చు గాని, తొలకరి తరువాత వాన ఎగవేసే సంవత్సరాలు మనకు ఎక్కువ గనుక సెప్టెంబరు పదునులో నాటటం మేలని నా అనుభవం. నాటిన వెంటనే చుట్టూ తుమ్మకంప వేయండి. పాదిలో నాలుగు వేళ్ల మందాన వేరుశనగ పొట్టు పరిస్తే తేమ ఆరిపోదు.

వర్షాకాలంలో పచ్చని పురుగులు ఆకు తింటే భయపడి మందు కొట్టవద్దు. అవి కొన్నాళ్లకు లేత పసుపు సీతాకోకచిలుకలై ఎగిరిపోతాయి. రేల మళ్లీ చిగురిస్తుంది.

బిందె లెక్క

చెట్టు నాటే ముందు ప్రతి ఇంటిలో ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ చెట్టుకు నీళ్లు ఎవరు మోస్తారు? చాల ఇండ్లలో నాటేది మగవాడు, ఫొటో తీయించుకొనేది పిల్లలు, బిందె మోసేది ఇంటి ఇల్లాలు. ఆమె నడుమును లెక్కలోనికి తీసుకోకుండా నాటిన చెట్టు ఆ ఇంటికి భారమే. నేను మొదట చేసిన తప్పు అదే.

బిందెకు 15 లీటర్లు అనుకుంటే, రోజుకు ఒక బిందె చొప్పున వారానికి 105 లీటర్లు. పైన పోసిన ఆ నీళ్లలో చాల భాగం ఎండకే పోతుంది. దానికి బదులు అడుగున సన్నని చిల్లి పెట్టి, గుడ్డ వత్తి దూర్చిన మట్టికుండ ఒకటి మొక్కకు మూరెడు దూరంలో మూతి వరకు పాతండి. నీళ్లు నింపి మూత పెట్టండి. నీరు మెల్లమెల్లగా వేరు దగ్గరకే ఊరుతుంది. వారానికి రెండు బిందెలతో, అంటే 30 లీటర్లతో రేల మొక్క వేసవి గట్టెక్కుతుంది. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు అందులోనికే పోయవచ్చు. సబ్బు పొడి నీళ్లు మాత్రం వద్దు. రెండు మూడు వేసవులు ఇలా కాపాడితే, ఆ తరువాత చెట్టు తన నీళ్లు తానే వెదకుకొంటుంది.

వాననీటి లెక్క కూడ చూడండి. వంద చదరపు అడుగుల మిద్దె మీద ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 90 లీటర్లు. మిద్దె నీరు దిగే చోటు నుండి పాది వరకు చిన్న కాలువ తీస్తే, ఒక్క వానతో మూడు వారాల నీరు నేలలోనికి దిగినట్టే.

మళ్లీ ఆ పెద్దమ్మ ఇంటికి

మొక్క ఎండిన సంవత్సరం సెప్టెంబరులో నేనే ఒక రేల మొక్క తీసుకొని ఆ ఇంటికి వెళ్లాను. "అమ్మా, అప్పుడు తెలియక చెప్పాను. ఆ తప్పు నాది, నీది కాదు" అని ఒప్పుకున్నాను. భర్త మంచం మీద కూర్చొని, "మళ్లీ చెట్టా?" అన్నాడు. పెద్దమ్మ నవ్వలేదు, వద్దనీ అనలేదు. గుంత నేనే తీశాను. కుండ నేనే పాతాను. వారానికి రెండే బిందెలని ఇద్దరి ఎదుటా చెప్పాను. అవి ఎవరు పోయాలో వారే తేల్చుకోవాలని వదిలివేశాను.

మరుసటి సంవత్సరమే నాకు బదిలీ అయింది. మార్చిలో ఆమె నుండి ఫోను వచ్చింది. "అయ్యగారూ, ఇది కూడా పోయింది. ఆకంతా రాలిపోయింది" అన్నది గొంతు పూడుకొనిపోయి. "కాండం మీద గోటితో కొంచెం గీరి చూడమ్మా" అన్నాను. కొంచెంసేపు ఏ మాటా లేదు. తరువాత "పచ్చగా ఉంది" అన్నది. "బ్రతికే ఉందమ్మా. ఆ చెట్టు నిద్ర అంతే. కుండలో నీళ్లు మాత్రం మానవద్దు" అని చెప్పాను.

కిందటి మే నెలలో ఆ ఊరిలో ఒక పెండ్లికి వెళ్లి, వారి వీధిలోనికి తిరిగాను. దూరానికే పసుపుపచ్చ రంగు కనబడింది. చెట్టు నిండా కాదు. మొదటి పూత గనుక ఏడెనిమిది గుత్తులు మాత్రమే వేలాడుతున్నాయి. దాని క్రింద మంచం వేసుకొని ఆ పెద్దాయన కూర్చొని ఉన్నాడు. పెద్దమ్మ మోకాళ్ల నొప్పులతో లోపలే ఉన్నది. నన్ను చూసి, "దీనికి నీళ్లు ఎవరు పోసినారనుకున్నారు? నన్ను ఒక్కనాడూ మెచ్చుకోలేదు, మీ పెద్దమ్మ" అన్నాడు ఆయన. లోపల నుండి, "తిట్టకుండా పోసినావా ఒక్కనాడైనా?" అని ఆమె జవాబు. రెండవ సంవత్సరం నుండి ఆమె మోయలేకపోతే ఆ రెండు బిందెలూ ఆయనే మోశాడట.

ఈసారి ఫొటో ఇటు నుండి అటు వెళ్లింది. రాలిన పూల మీద ఇద్దరూ కూర్చొని ఉండగా నేనే తీసి కుమార్తెకు పంపాను. "అమ్మా, ఈ చెట్టు ఎక్కడిది?" అని ఆమె అడిగిందట.

"మన చెట్టే పాపా, మన నేలదే" అని చెప్పిందట పెద్దమ్మ.

ప్రియ చదువరులారా, ఈ వేసవిలో మీ ఊరి దారిలో రేల పూసిన చోటు గుర్తు పెట్టుకోండి. చెట్టుకు వేలాడే నల్లని కాయ ఒకటి ఇంటికి తెచ్చుకోండి. ఇంటివారందరూ కూర్చొని బిందె లెక్క ముందే మాట్లాడుకోండి. ఆ తరువాత గుంత తీయండి.